ఉత్సవానికీ ఉత్సవానికీ నడుమ: వేషనిర్మాణంలోని ఆనందం ఏ కోవకు చెందుతుంది?

ధరించేది కొన్ని నిమిషాలు, తయారుచేసేది కొన్ని నెలలు అయిన వస్తువు విషయంలో, దాన్ని చేసే మనిషికి కలిగే ఆనందాన్ని ఆ కొన్ని నిమిషాల ఖాతాలో వేయాలా, ఆ నెలల ఖాతాలోనే ఉంచాలా అన్నది పైకి చిన్న ప్రశ్నగానే కనిపిస్తుంది గాని, కర్మకూ ఫలానికీ గల సంబంధం గురించి భారతీయ దర్శనాలు శతాబ్దాల తరబడి చేసిన చర్చ సారమంతా అందులో ఉంది. ఫలం కోసమే పని అనుకుంటే ఫలం చేతికందని రోజులన్నీ వట్టి ఎదురుచూపులే అవుతాయి. పనిలోనే ఫలం ఉందనుకుంటే, ఉత్సవం దగ్గరపడేకొద్దీ పనివాడికి అంత ఆరాటం ఎందుకో చెప్పవలసి వస్తుంది. వేషాలు తయారుచేసుకోవడాన్ని వ్యాపకంగా పెట్టుకున్నవారి సాయంకాలాలు ఈ రెండు చిక్కుల నడుమనే గడుస్తుంటాయి.

ఈ వ్యాపకానికి నేటి రూపం కాస్‌ప్లే, అంటే చిత్రకథల్లోని, సినిమాల్లోని, వీడియో గేముల్లోని పాత్రల వేషాలను అభిమానులు స్వయంగా తయారుచేసుకుని, తమలాంటి అభిమానులు కలుసుకునే సమ్మేళనాల్లో ధరించడం. 1939లో న్యూయార్క్‌లో జరిగిన మొదటి ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సమ్మేళనానికి ఫారెస్ట్ ఎకర్‌మన్, మర్టల్ డగ్లస్ భవిష్యత్కాలపు దుస్తులు వేసుకుని వెళ్లారు. ఇద్దరి దుస్తులనూ రూపొందించి కుట్టింది డగ్లసే అయినా, తొలి కాస్‌ప్లే చేసిన మనిషిగా చాలాచోట్ల ముందు వినిపించేది ఎకర్‌మన్ పేరే. చేసినవారి కంటే వేసుకున్నవారిని లోకం గుర్తుపెట్టుకుంటుందనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కర్లేదు. కాస్‌ప్లే అనే పేరు 1980ల తొలినాళ్లలో జపాన్‌లో నోబుయుకి తకహాషి ద్వారా వాడుకలోకి వచ్చింది. మన దేశంలో 2011లో ఢిల్లీలో మొదలైన కామిక్ కాన్ 2013లో హైదరాబాద్‌కూ చేరాక, ఫోమ్ షీట్లు, గ్లూ గన్, రంగుల డబ్బాలు తెలుగు ఇళ్లలోని పిల్లల గదుల్లోకీ వచ్చి చేరాయి. సమ్మేళనం రెండు మూడు రోజుల్లో ముగుస్తుంది. మిగిలిన ఏడాదంతా కత్తిరింపులు, అతుకులు, ఎండబెట్టడాలు, మళ్లీ విప్పి కుట్టడాలే.

జంషెడ్‌పూర్‌లో ఈ ప్రశ్నను పరిశీలించేవారికి కాస్‌ప్లే కంటే చాలా పాతదైన ఉదాహరణ ఒకటి సుమారు 40 కిలోమీటర్ల దూరంలోనే దొరుకుతుంది. టాటా ఉక్కు కర్మాగారం చుట్టూ పెరిగి, 1919లో ఇప్పటి పేరు పెట్టించుకున్న ఈ పట్నానికి పనికోసం తరలివచ్చిన తెలుగువారు బిష్టుపూర్‌లో రామమందిరాన్నీ, కదమాలో ఆంధ్ర అసోసియేషన్‌నూ నెలకొల్పుకుని తమ పండుగలను తాము జరుపుకుంటుండగా, పట్నాన్ని ఒరుసుకుంటూ పారే ఖర్కాయీ నది వెంబడే ఎగువకు పోతే సరాయికేలా అనే పాత సంస్థానం వస్తుంది. ఛౌ నృత్యానికి ఉన్న మూడు శాఖల్లో ఒకటి ఈ ఊరిది. మిగిలిన రెండూ ఒడిశాలోని మయూర్‌భంజ్‌వి, పశ్చిమ బెంగాల్‌లోని పురూలియావి. మయూర్‌భంజ్ నర్తకులు మాస్కు లేకుండా ఆడతారు, మిగిలిన రెండు శాఖలకూ మాస్కే ప్రాణం. 2010లో యునెస్కో ఈ నృత్యాన్ని మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వపు జాబితాలో చేర్చింది. సరాయికేలాలో దీనికి అసలైన వేళ చైత్ర పర్వ, అంటే ఏప్రిల్ మధ్యలో వచ్చే సంక్రమణంతో ముగిసే శివశక్తుల ఉత్సవం. నదినీటితో నింపిన ఘటాన్ని తలకెత్తుకున్న భక్తుడు ఊరేగింపుగా రావడం అందులో ప్రధానమైన తంతు, నృత్యాలు దాని చుట్టూ అల్లుకున్నవి.

ఈ మాస్కు ఎలా తయారవుతుందో కొంచెం దగ్గరగా చూడటం అవసరం, ఎందుకంటే తాత్త్విక చర్చకు కావలసిన సామగ్రి అంతా ఆ పనిలోనే ఉంది. నది నుంచి తెచ్చిన మెత్తటి మట్టిని రాళ్లూ వేళ్లూ ఏరి, పిసికి, చెక్కపలక మీద ముఖంగా మలుస్తారు. అది కొంత ఆరాక, పైన అతికించేవి పట్టుకుపోకుండా సన్నటి బూడిద చల్లి, జిగురులో తడిపిన కాగితం ముక్కలనూ పలుచని గుడ్డ ముక్కలనూ పొర మీద పొరగా పరుస్తారు. ఆ పొరల మీద మళ్లీ పలుచగా మట్టి పూసి, చిన్న చెక్క పనిముట్టుతో ముక్కు అంచునూ పెదవి మలుపునూ కనురెప్ప గీతనూ తిరిగి తేలుస్తారు, లేకపోతే పొరల కింద అవి మొద్దుబారిపోతాయి. ఎండాక అచ్చు నుంచి ఒలిచి, కళ్లకూ ముక్కుకూ రంధ్రాలు తెరిచి, రంగు వేస్తారు. పురూలియా మాస్కుల మీద రంగులు గాఢంగా ఉండి, తలపై ఈకలతో పూసలతో పెద్ద కిరీటం నిలుస్తుంది. సరాయికేలా మాస్కు లేతరంగుల్లో, సాగిన కళ్లతో, ఏ భావమూ తేల్చి చెప్పని ముఖంతో ఉంటుంది. ఆ ఒక్క ముఖమే నర్తకుడి మెడ వంపును బట్టి దిగులుగానూ మురిపెంగానూ కనిపించాలి కాబట్టి, నవ్వునో ఏడుపునో ముందే అందులో పెట్టినవాడు నర్తకుడి చేతులు కట్టేసినట్టే లెక్క. ఈ కళలో విశేష ఖ్యాతి పొందిన ప్రసన్నకుమార్ మహాపాత్ర మాస్కులను చూసినవారికి ఈ సంయమనం ఎంత కష్టమైనదో అర్థమవుతుంది. మాస్కు వెనుక ఊపిరి సరిగా ఆడదు గనుక రాత్రి, నావికుడు, మయూరం, బాణం తగిలిన లేడి మొదలైన సరాయికేలా నృత్యాలన్నీ కొద్ది నిమిషాలకు మించవు. ఆ కొద్ది నిమిషాల వెనుక ఉన్న మట్టి పనికి ప్రేక్షకుల్లో ఎవరూ చప్పట్లు కొట్టరు.

శాస్త్రం దృష్టిలో ఈ పనికి ఉన్నది చిన్న స్థానమేమీ కాదు. భరతుడి నాట్యశాస్త్రం అభినయాన్ని నాలుగు విధాలుగా విభజించి, శరీరంతో చేసేది ఆంగికం, మాటతో చేసేది వాచికం, అంతరంగపు కదలికను చూపేది సాత్త్వికం అని చెప్పి, వేషభూషణాలతో సాధించేదాన్ని ఆహార్యం అంటుంది. ఆ ఆహార్యంలో మళ్లీ నాలుగు భాగాలు ఉండగా, వాటిలో మొదటిదైన పుస్తం అంటే చాపలు, గుడ్డ, తోలు వంటివాటితో కొండలనూ వాహనాలనూ ఆయుధాలనూ కల్పించి చూపడం. ఫోమ్ షీటును కోసి కవచం చేసే నేటి కుర్రవాడి పని సరిగ్గా ఈ విభాగంలోకే వస్తుంది. కాని ఇక్కడొక సంగతి గమనించాలి. శాస్త్రం ఆహార్యాన్ని అభినయంలో భాగంగా చెప్పిందే తప్ప, చేసేవాడికి అందులో దక్కేదేమిటో చర్చించలేదు. రసానుభవమంతా చూసేవాడి వైపు నుంచే లెక్కకు వచ్చింది. వేషం కట్టినవాడి గురించి శంకుకుడు అనే ఆలంకారికుడు మాత్రం, చిత్రపటంలోని గుర్రాన్ని చూసి గుర్రమే అనుకునే జ్ఞానం నిజమూ కాదు, అబద్ధమూ కాదు, సందేహమూ కాదు, పోలికా కాదు అని ఒక సూక్ష్మమైన మాట చెప్పినట్టు అభినవగుప్తుడి వ్యాఖ్య వల్ల తెలుస్తుంది. ఆ జ్ఞానం ప్రేక్షకుడిది. మాస్కు చేసినవాడికి అది కాగితమని తెలుసు, ఏ పొరలో జిగురు తక్కువైందో కూడా తెలుసు, అయినా కనురెప్ప గీత దగ్గర చేయి వణకకుండా ఊపిరి బిగబడతాడు. ఈ స్థితికి శంకుకుడి నాలుగు నిషేధాలూ సరిపోవు.

ఈ ఆనందాన్ని శంకించినవారు తక్కువేమీ కాదు. అనుకరణ సత్యానికి దూరమనే కారణంతో ప్లేటో తన ఆదర్శ రాజ్యంలో నటులకు చోటివ్వడానికి వెనుకాడాడు. తొలి క్రైస్తవ రచయితల్లో ఒకడైన తెర్తుల్లియనుడు దేవుడిచ్చిన ముఖానికి పైన మరో ముఖం పెట్టుకోవడాన్ని పాపంగానే ఎంచాడు. తెలుగునాట వేమన బాహ్యవేషాన్ని ఎంత తీవ్రంగా ఎండగట్టాడో చెప్పనక్కర్లేదు. అయితే వీరందరి అభ్యంతరమూ వేషాన్ని ధరించి, తాను కానిదాన్ని తానుగా చెలామణి చేసుకునేవాడి మీదే. వేషాన్ని బల్లమీద పెట్టుకుని కుడుతున్నవాడు ఎవరినీ మోసగించడం లేదు. అతడి మీద మోపదగిన ఆక్షేపణ వేరొకటి ఉంది, అది తాత్త్వికుల నోట కాక గృహస్థుల నోట వినిపిస్తుంది. కోటి విద్యలు కూటి కొరకే అన్నప్పుడు, కూడు పెట్టని విద్య కోసం సెలవు దినాలు ధారపోయడం ఏ పురుషార్థం? షిఫ్టు డ్యూటీల మీద ఇల్లు నడిచే కార్మిక పట్నంలో ఈ ప్రశ్నకు బరువు మరీ ఎక్కువ.

దీనికి జవాబు వెతికేవారికి బ్రహ్మసూత్రాల్లోని రెండో అధ్యాయపు మొదటి పాదం ఆశ్రయమిస్తుంది. అక్కడి చర్చ ఈశ్వరుడి గురించి: అన్ని కోరికలూ తీరినవాడికి ప్రపంచాన్ని సృష్టించవలసిన ప్రయోజనమేమిటనే పూర్వపక్షానికి, లోకంలో కనిపించేటట్టే అది కేవలం లీల అని సూత్రకారుడు సమాధానమిస్తాడు. లీల అంటే తనకు వెలుపల ఏ ప్రయోజనాన్నీ ఆశించని ప్రవృత్తి. శంకరాచార్యులు ఆ సూత్రానికి భాష్యం రాస్తూ రెండు దృష్టాంతాలు ఇచ్చారు: ఏ లోటూ లేని రాజు క్రీడల్లో విహరించడం ఒకటి, ఎవరూ ఏ ఉద్దేశంతోనూ చేయకుండానే ఉచ్ఛ్వాసనిశ్వాసాలు సాగడం రెండోది. ఆ వెంటనే ఆయనే, లోకంలోని క్రీడల్లోనైతే ఎంతో కొంత సూక్ష్మమైన ప్రయోజనం వెతికితే దొరకవచ్చునని కూడా ఒప్పుకున్నారు. ఈ ఒప్పుకోలు వేషనిర్మాతకు చాలా ముఖ్యమైనది. ఉత్సవం నాడు నలుగురూ ఆగి చూస్తారన్న ఆశ, ఫొటో తీస్తామని అడుగుతారన్న ఆశ, కుట్టుపని జరుగుతున్నప్పుడు ఏదో మూల మెదులుతూనే ఉంటుంది. దాన్ని లేదని బుకాయించడం కంటే, ఉన్నా అదే పనిని నడిపిస్తున్నదా అని అడగడం మేలు.

రెండు దృష్టాంతాల్లో మొదటిదాన్ని సరాయికేలా చరిత్ర నిజంగానే పరీక్షకు పెట్టింది. ఇక్కడ క్రీడించినవాడు నిజమైన రాజే. మహారాజా ఆదిత్యప్రతాప్ సింగ్‌దేవ్ కాలంలో సంస్థానమే ఈ కళకు ఆధారం. ఆయన సోదరుడు విజయప్రతాప్ సింగ్‌దేవ్ నృత్యరూపాలను తీర్చిదిద్దారు. రాజకుమారులే మాస్కులు ధరించి ఆడారు. 1938లో ఆ బృందం ఐరోపాలో పర్యటించి వచ్చింది. లోటు లేనివాడి లీల అంటే ఇదే అని ఎవరైనా చూపించగలిగే రోజులవి. పదేళ్లు తిరిగేసరికి 1948 జనవరిలో సంస్థానం ఒడిశాలో విలీనమై, అదే ఏడాది మే నెలలో బీహార్‌కు బదిలీ అయింది. ఖజానా పోయింది, ఏలుబడి పోయింది. రాజు ఆప్తకాముడు, అంటే కోరికలన్నీ తీరినవాడు, కాబట్టే క్రీడ సాగిందన్న వాదమే సరైనదైతే, ఆ క్రీడ అక్కడితో ఆగిపోవాలి. కాని ఆగలేదు, రాజకుటుంబంలోనివారూ, సామాన్య కుటుంబాల గురువులూ, తర్వాత ప్రభుత్వ ఛౌ నృత్యకేంద్రమూ దాన్ని కొనసాగించగా, కేదార్‌నాథ్ సాహు, గోపాల్ ప్రసాద్ దూబే, శశధర్ ఆచార్య వంటివారికి పద్మశ్రీలు వచ్చేంతవరకూ ఆ పరంపర నడిచింది. ఆటకు నిండుతనమే కారణమని చెప్పే రాజదృష్టాంతం ఈశ్వరుడి విషయంలో ఎంత సరైనదైనా, మనుషుల విషయంలో అసలు సంగతిని దాటవేస్తుంది. అది ఆటను తీరిక ఉన్నవారి సొత్తుగా మారుస్తుంది.

ఊపిరి దృష్టాంతం అలా కాదు. ఊపిరి తీరిక ఉన్నప్పుడు తీసేది కాదు, ఫలం కోసం తీసేదీ కాదు, మానుకుంటే మిగిలేదీ ఏమీ లేదు. ఛౌ శిక్షణలోనే ఈ పోలికకు ఆధారం కనిపిస్తుంది: కత్తీ డాలూ పట్టి చేసే పరిఖండా అనే సాధన మీద నిలిచిన ఈ నృత్యంలో, ఉపలయాలు అనే కదలికల సముదాయం ఒకటుంది, అంటే పేడతో నేల అలకడం, గిన్నెలు తోమడం వంటి రోజువారీ ఇంటిపనుల కదలికలనే నాట్యంగా మలిచినవి. పండుగ నాటి నృత్యం పండుగ కాని రోజుల పనుల నుంచే పుట్టిందని దీనర్థం. అరిస్టాటిల్ తన నీతిశాస్త్రంలో వస్తువును తయారుచేసే పనిని, తానే తన లక్ష్యమైన ఆచరణను వేరు చేసి, తయారీకి లక్ష్యం ఎప్పుడూ తయారైన వస్తువేనని చెప్పాడు. కుండ విషయంలో అది నిజమే కావచ్చు. ఉత్సవానికీ ఉత్సవానికీ మధ్య నెలల తరబడి సాగే వేషనిర్మాణంలో ఆ గీత చెరిగిపోతుంది, ఎందుకంటే ఒక వేషం పూర్తికాగానే దాన్ని పెట్టెలో పెట్టి, రెండోదానికి కొలతలు తీసుకునేవాడికి లక్ష్యం పెట్టెలో ఉందని అనడం కష్టం.

మరి దీన్ని సాధన అనవచ్చునా? గీతాభాష్యంలో శంకరాచార్యులు ఉపాసనను నిర్వచిస్తూ, శాస్త్రం చెప్పిన వస్తువును మనసుకు తెచ్చుకుని, తైలధారలా తెగకుండా ఒకే భావాన్ని చాలాకాలం నిలపడం అన్నారు. రూపం మీద మనసును నెలల పాటు నిలపడమనే మేరకు వేషనిర్మాణం ఈ నిర్వచనానికి చాలా దగ్గరగా వస్తుంది. శివపార్వతుల మాస్కు చేస్తున్నవాడి మనసు ఆ ముఖాన్ని విడిచి ఎంతోసేపు ఉండలేదు. కాని నిర్వచనంలోని మొదటి షరతును పక్కకు నెట్టడం న్యాయం కాదు. ఒక సినిమా వీరుడి కవచం మీద నిలిపిన ఏకాగ్రత ఎంత గొప్పదైనా, ఆ వస్తువు మనసును తనకంటే పైకి తీసుకుపోతుందన్న పూచీ ఏ శాస్త్రమూ ఇవ్వలేదు. కాబట్టి నడవడిలో అది ఉపాసన, గమ్యంలో కాదు అని తేల్చడమే నిజాయితీ. తిరుపతి గంగమ్మ జాతరలో మొక్కుగా బైరాగి, బండ, తోటి, దొర వంటి వేషాలు కట్టేవారి సంగతి దీనికి భిన్నం. అక్కడ వేషం మొక్కులో భాగం, అది ఎవరికి చెందుతుందో ముందే నిర్ణయమై ఉంది. జాతర చివర మట్టితో చేసిన అమ్మవారి విశ్వరూపానికి చెంప నరికి, ఆ మట్టినే భక్తులకు ప్రసాదంగా పంచడంతో, చేసిన రూపాన్ని దాచుకోవాలన్న ఆశకు కూడా చోటు లేకుండా పోతుంది. కాస్‌ప్లే చేసేవారికి అంతటి తెగువ ఉండాలని కోరడం అత్యాశే.

ఛాందోగ్యంలో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతువుకు, ఒక్క మట్టిముద్దను తెలుసుకుంటే మట్టితో చేసినవన్నీ తెలిసినట్టేనని, వికారాలన్నీ పేరు మాత్రమేనని బోధించిన ఘట్టం అందరికీ తెలిసినదే. మాస్కు తయారీ ఈ బోధను విచిత్రంగా తిరగవేస్తుంది: ఇక్కడ మట్టి పలక మీదే ఉండిపోతుంది, రూపం మాత్రం కాగితంలోకి దిగి వెళ్లిపోతుంది. అయినా ఈ రోజు రాత్రి ముఖంగా నిలిచిన ముద్దనే రేపు నీళ్లు చల్లి పిసికి లేడి ముఖంగా చేసే చేతులకు ఆ ఉపనిషద్వాక్యం ఎవరూ చెప్పకుండానే కొంత అర్థమై ఉంటుందని భావించడం తప్పు కాదు. సెప్టెంబరు 17 ప్రాంతంలో వచ్చే విశ్వకర్మ పూజనాడు జంషెడ్‌పూర్ కర్మాగారాల్లో యంత్రాలకు బొట్టుపెట్టి మొక్కడం, తెలుగు ఇళ్లలో దసరాకు పనిముట్లను పూజలో పెట్టడం కూడా ఈ తెలివికి బంధువులే. చేసిన వస్తువును కాక, చేసే పనిముట్టును పూజించడం అనే ఆచారం ఫలం కంటే పనిని ఒక మెట్టు పైన నిలుపుతుంది.

ఇదంతా చెప్పాక ఒక హద్దు కూడా గీయాలి. పురూలియా జిల్లాలోని చరిదా గ్రామంలో మాస్కులు చేసే సూత్రధార్ కుటుంబాలకు ఇది వ్యాపకం కాదు, జీవనాధారం. 2018లో పురూలియా ఛౌ మాస్కుకు భౌగోళిక గుర్తింపు లభించినా, ఇప్పుడు చేసేవాటిలో చాలా భాగం నర్తకుల కోసం కాక, గోడలకు తగిలించుకునేవారి కోసమే. వారికి నిష్కామకర్మ గురించి ఉపన్యాసమివ్వడం అనుచితం. కూటి కోసం చేసే విద్యలో ఆనందం ఉండదని కాదు, ఆ ఆనందాన్ని ధరలో నుంచి కోసివేసే హక్కు కొనేవాడికి లేదని మాత్రమే.

వ్యాపకంగా చేసేవారి విషయంలో 2020 ఒక పరీక్ష పెట్టింది. ఆ ఏప్రిల్‌లో దేశమంతా లాక్‌డౌన్ నడుమ ఉండగానే చైత్ర సంక్రమణం వచ్చి వెళ్లింది. ఆ ఏడాది శాన్ డియాగో కామిక్ కాన్ కూడా తన చరిత్రలో మొదటిసారిగా జనం లేకుండా పోయింది. వేసుకునే రోజు ఎప్పుడొస్తుందో తెలియని ఆ నెలల్లో సూది పక్కన పెట్టేసినవారికి ఉత్సవమే ఫలం అనుకోవాలి. కుడుతూనే ఉన్నవారికి అది ఊపిరి. ఇద్దరిలో ఎవరూ తప్పు చేసినవారు కాదు, కాని లీల అనే మాటకు అర్హత రెండోవారికే ఉంది.

సరాయికేలాకు వెళ్లాలనుకునే జంషెడ్‌పూర్ తెలుగువారు సాధారణంగా ఏప్రిల్‌లో, నృత్యం చూడటానికి వెళతారు. జనవరి, ఫిబ్రవరి నెలల్లో, పలకల మీద మట్టి ముఖాలు ఆరుతున్నప్పుడు ఒకసారి వెళ్లి రావడం మంచిది.